డిసెంబరు తొలి శని, ఆదివారాలు: ఇంట్లోనే క్రిస్మస్ స్టారు, ప్లమ్ కేకు, గులాబీ పువ్వులు

క్రిస్మస్ పనుల్లో చేత్తో చేసేది సగమే. మిగతా సగం ఆగడం. పళ్ళు నానాలి, వెదురు బద్దలు మెత్తబడాలి, జిగురు ఆరాలి, కేకు చల్లారాలి. తొందరపడితే కాగితం చిరుగుతుంది, కేకు నడుమ కుంగుతుంది. అందుకే ఈ రెండు రోజుల పనిని ఆ ఆగే గంటల చుట్టూ అల్లుకోవాలి. ఒకటి నానుతుండగా ఇంకొకటి కట్టుకోవాలి, ఒకటి ఓవెన్లో ఉండగా ఇంకొకటి అతికించుకోవాలి. అలా చేస్తే ఇంట్లో ఎవరూ ఊరికే కూర్చోరు, ఎవరూ అలిసిపోరు. ఆదివారం పొద్దుగూకేసరికి గుమ్మంలో స్టారు వెలుగుతుంది.

క్రిస్మస్ కోసం ఎదురుచూసే ఆగమన కాలపు (అడ్వెంట్) మొదటి ఆదివారం ఏటా నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య వస్తుంది. దాని తర్వాతి శని, ఆదివారాలు ఈ పనికి సరైనవి. సెమీ క్రిస్మస్‌లు, కారల్స్ మొదలయ్యేది అప్పుడే. పాటలు పాడుతూ వచ్చినవాళ్ళ చేతిలో పెట్టడానికి ఇంట్లో ఏదో ఒకటి ఉండాలి కదా. అరిసెలు, కజ్జికాయలు మాత్రం ఈ రెండు రోజుల్లోకి లాక్కోవద్దు. అరిసెల పాకం మనిషిని పొయ్యి దగ్గరే కట్టేస్తుంది. వాటికి పండుగ ముందు వారంలో ఒక రోజు విడిగా పెట్టుకోండి.

శుక్రవారం రాత్రి: నానబెట్టాల్సినవి

అరగంట పని, రెండే పనులు. కానీ ఇవి తప్పితే శనివారం మొత్తం వెనకబడుతుంది.

మొదటిది కేకు పళ్ళు. నెలల తరబడి రమ్ములో నానబెట్టే పద్ధతి అందరి ఇళ్ళలోనూ కుదరదు. మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో చాలామంది మద్యం ముట్టరు. దాని బదులు కమలారసం చక్కగా పనిచేస్తుంది, ఇదేమీ రాజీ పడటం కాదు. 1883లో కేరళలోని తలశ్శేరిలో మంబళ్ళి బాపు అనే బేకరీ యజమాని, మన దేశంలో తొలి క్రిస్మస్ కేకుగా పేరుపడ్డ కేకును చేసినప్పుడు ఫ్రెంచి బ్రాందీ బదులు అక్కడ దొరికే సారానే వాడాడని చెప్పుకుంటారు. అందుబాటులో ఉన్నదానితో చేసుకోవడం ఈ కేకుకు మన దేశంలో మొదటి నుంచీ ఉన్న అలవాటే.

ఎండుద్రాక్ష 150 గ్రాములు, నల్ల ఎండుద్రాక్ష 75 గ్రాములు, గింజ తీసి తరిగిన ఖర్జూరం 75 గ్రాములు తీసుకోండి. మందపాటి గిన్నెలో 150 మిల్లీలీటర్ల కమలారసం పోసి, పళ్ళు వేసి, సన్నని సెగ మీద 5 నిమిషాలు ఉడకనివ్వండి. పొయ్యి కట్టేసి మూత పెట్టి పొద్దుటి దాకా వదిలేయండి. రసం అప్పటికప్పుడు పిండినదైతే మంచిది. డబ్బా రసంలో చక్కెర ఎక్కువ, కేకు అడుగు త్వరగా మాడుతుంది. టూటీఫ్రూటీ, జీడిపప్పు ఇప్పుడు వేయకూడదు. టూటీఫ్రూటీ నానితే రంగు దిగి పిండంతా మరకలవుతుంది. జీడిపప్పు మెత్తబడి కరకర పోతుంది.

రెండోది వెదురు. బుట్టలు అల్లేవాళ్ళ దగ్గర బద్దలు చీల్పించుకోండి: 37 అంగుళాలవి పది, విరిగితే పనికొచ్చేలా ఇంకో రెండు. వెడల్పు అర అంగుళం, మందం 3 మిల్లీమీటర్లు. మందం 5 మిల్లీమీటర్లు దాటితే బద్ద వంగదు, 2 కంటే తగ్గితే కాగితం బిగువుకే మెలికపడుతుంది. కణుపులు బద్ద నడుమ పడకుండా చూసుకోండి. వంగాల్సింది అక్కడే, విరిగేదీ అక్కడే. పచ్చి వెదురైతే నానబెట్టక్కర్లేదు. ఎండినదైతే రాత్రంతా నీళ్ళ తొట్టిలో ఉంచండి. అంచులు గరుకుకాగితంతో రుద్దాకే పిల్లల చేతికి ఇవ్వాలి. వెదురు ఈనె చర్మంలో దిగితే తీయడం చాలా కష్టం.

శనివారం ఉదయం: స్టారు కట్టడం

బజార్లో మడత స్టార్లు, ప్లాస్టిక్ స్టార్లు ఎన్నో దొరుకుతాయి. అయినా వెదురు స్టారు అందం వేరు. లోపల దీపం వెలిగినప్పుడు బద్దల నీడ కాగితం మీద గీతలా పడుతుంది. దీని లెక్క కూడా ముచ్చటగా ఉంటుంది, లెక్కల మీద ఇష్టం ఉన్న పిల్లలకు అప్పగించండి.

నేల మీద సుద్దముక్కకు దారం కట్టి 19 అంగుళాల వ్యాసార్థంతో వృత్తం గీయండి. దాని అంచు మీద ఒక చుక్క పెట్టి, అక్కడి నుంచి సూటిగా 22 అంగుళాల పావు కొలిచి రెండో చుక్క, అలాగే ఐదు చుక్కలూ పెట్టండి. అయిదోది మొదటి చుక్కకు అదే దూరంలో పడితే లెక్క సరిపోయినట్టు. ఇక ఒక చుక్కను వదిలి మరో చుక్కకు బద్ద పరచుకుంటూ పోతే ఐదు బద్దలతో ఐదు మొనల నక్షత్రం వస్తుంది. బద్ద 37 అంగుళాలు, చుక్కల మధ్య 36. రెండు కొసల్లో అర అంగుళం చొప్పున మిగిలేది కట్టు కోసం.

ప్రతి బద్దా మరో రెండు బద్దలను దాటుతుంది. ఒకదాని మీదుగా, ఇంకోదాని కిందుగా పోనివ్వండి, తడిక అల్లినట్టు. అన్నీ పైపైనే పరిస్తే స్టారు ఒకవైపు మెలితిరుగుతుంది. మొనల దగ్గర ముందు సైకిలు ట్యూబు ముక్కలతో తాత్కాలికంగా బిగించండి. బద్దలు ఒకదాన్నొకటి దాటే చోటు మొన చుక్క నుంచి 13 అంగుళాల ముప్పావు దగ్గర పడాలి. కొలిచి, సరిచేసి, అప్పుడు పురికొసతో అడ్డంగా నిలువుగా కట్టండి. బైండింగు వైరు వాడొద్దు. దాని మొన ఎక్కడో ఒకచోట కాగితాన్ని చీలుస్తుంది, పైగా మంచుకు తుప్పు పట్టి మరక చేస్తుంది.

రెండో నక్షత్రాన్నీ అదే గీత మీద కట్టండి. వేరేచోట గీసుకుంటే రెండూ ఒకదాని మీద ఒకటి కుదరవు.

ఇప్పుడు రెంటినీ జతచేసి ఐదు మొనలనూ గట్టిగా కలిపి కట్టేయండి. నడుమ ఐదుమూలల చట్రం కనిపిస్తుంది. దాని ప్రతి మూలలోనూ రెండు నక్షత్రాల మధ్య 6 అంగుళాల అడ్డపుల్ల నిలబెట్టాలి. పుల్ల రెండు కొసల్లోనూ కత్తితో గాడి కోస్తే బద్దల మీద జారకుండా కూర్చుంటుంది. ఒకేసారి ఒక మూల పూర్తిగా తోసేయకండి. ఎదురెదురు మూలల్లో కొద్దికొద్దిగా తోసుకుంటూ రండి. ఒకరు స్టారును ఒడిసి పట్టుకుంటే ఇంకొకరు పుల్లలు పెట్టాలి, ఇది ఒంటిచేతి పని కాదు. బద్ద కిర్రుమంటే ఆపి, ఆ చోట తడిగుడ్డ చుట్టి పావుగంట ఆగండి.

చట్రం అయ్యాక దాన్ని నీడలో ఆరనివ్వాలి. తడి బద్ద మీద జిగురు పట్టదు. ఈ రెండు మూడు గంటల్లోనే జిగురు, కాగితం ముక్కలు, కేకు పని అన్నీ.

జిగురుకు 4 టేబుల్‌స్పూన్ల మైదాను 300 మిల్లీలీటర్ల చన్నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి, సన్నని సెగ మీద తిప్పుతూ 5 నిమిషాలు ఉడికించండి. తెల్లదనం పోయి కాస్త పారదర్శకంగా, జావలా అవ్వాలి. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపే అలవాటు ఉంది. పిల్లలు చేతులు పెట్టే పనిలో అది వద్దే వద్దు, విషం. రెండు రోజులకు సరిపడా చేసుకుని మిగిలింది పారేయండి.

కాగితం గాలిపటాలకు వాడేది తీసుకోండి. మెరుపు కాగితం వెలుగును ఆపేస్తుంది, ముడతల కాగితం తడికి రంగు కారుతుంది. 20 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు షీట్లు ఐదు సరిపోతాయి, ఒకటి అదనంగా తెచ్చుకోండి. ముక్కలు మొత్తం 22. ముందు, వెనక మొనలకు పది త్రికోణాలు: రెండు పక్కలు 13 అంగుళాల ముప్పావు, అడుగు ఎనిమిదిన్నర. పక్కలకు పది: అవే పక్కలు, అడుగు 6 అంగుళాలు. నడుమకు ఎనిమిదిన్నర అంగుళాల పక్కలున్న ఐదుమూలల ముక్కలు రెండు. చుట్టూ అర అంగుళం మడత కోసం వదలండి. అట్ట మీద మూడు నమూనాలు కోసుకుని, వాటిని పెట్టి గీసుకుంటే పిల్లలు కూడా తేడా లేకుండా కత్తిరిస్తారు. ఒక త్రికోణం నిటారుగా, పక్కది తలకిందులుగా పెట్టుకుంటే కాగితం వృథా కాదు.

శనివారం మధ్యాహ్నం: కేకు

8 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల లోతు ఉన్న గుండ్రటి టిన్నుకు ఈ కొలతలు:

మైదా 225 గ్రాములు
ఉప్పులేని వెన్న 200 గ్రాములు
పొడి చేసిన చక్కెర 150 గ్రాములు
పాకానికి విడిగా చక్కెర 100 గ్రాములు, వేడినీళ్ళు 75 మిల్లీలీటర్లు
కోడిగుడ్లు 4
బేకింగ్ పౌడరు 1 టీస్పూను, వంటసోడా పావు టీస్పూను, ఉప్పు చిటికెడు
దాల్చినచెక్క 2 అంగుళాలు, లవంగాలు 6, ఏలకులు 6, జాజికాయ చిన్న పలుకు, శొంఠి పొడి అర టీస్పూను
జీడిపప్పు 75 గ్రాములు, టూటీఫ్రూటీ 50 గ్రాములు, రాత్రి నానిన పళ్ళు

గుడ్లు, వెన్న రెండు గంటల ముందే ఫ్రిజ్ బయట పెట్టండి. కాకినాడలోనో మచిలీపట్నంలోనో వెన్న గంటలో మెత్తబడుతుంది. ఆదిలాబాదు చలిలో మధ్యాహ్నానికి కూడా రాయిలాగే ఉంటే, ముక్కలు కోసి వాటి మీద గోరువెచ్చని గిన్నె బోర్లించండి. కరిగించొద్దు. కరిగిన వెన్నలో గాలి నిలవదు, కేకు గట్టిపడుతుంది.

ముందు పాకం. మందపాటి గిన్నెలో 100 గ్రాముల చక్కెర వేసి నీళ్ళు పోయకుండా సన్నని సెగ మీద కరగనివ్వండి. తేనెరంగు దాటి, చిక్కటి కాఫీ డికాక్షన్ రంగుకు వస్తుండగా పొయ్యి కట్టేయండి. పొగ లేచిందంటే ఆలస్యమైనట్టే, కేకంతా చేదెక్కుతుంది. అలాంటి పాకం పారేసి మళ్ళీ పెట్టుకోవడమే మేలు. 100 గ్రాముల చక్కెర కోసం మిగతావన్నీ పాడుచేసుకోకూడదు. పొయ్యి కట్టాక ముఖం దూరంగా పెట్టుకుని వేడినీళ్ళు కొద్దికొద్దిగా పోయండి. చన్నీళ్ళు పోస్తే పాకం గడ్డకట్టి, చిమ్మి చెయ్యి కాలుస్తుంది. ఈ ఒక్క పనప్పుడు పిల్లలు వంటింట్లో ఉండకూడదు. పాకం పూర్తిగా చల్లారాలి. వేడిగా కలిపితే వెన్న కరిగిపోతుంది.

మసాలా దినుసులను చెంచాడు చక్కెరతో కలిపి మెత్తగా పొడిచేసి, మైదా, బేకింగ్ పౌడరు, సోడా, ఉప్పుతో కలిపి మూడుసార్లు జల్లించండి. నానిన పళ్ళను జల్లెడలో వేసి రసం వడకట్టండి. ఆ రసం దాచండి, పని ఉంది. పళ్ళు, టూటీఫ్రూటీ, దోరగా వేయించిన జీడిపప్పు కలిపి, కొలిచి పెట్టుకున్న మైదాలోంచే రెండు టేబుల్‌స్పూన్లు చల్లి దొర్లించండి.

వెన్న, పొడి చక్కెర కలిపి బీటరుతో 5 నిమిషాలు, చేత్తో అయితే పావుగంట గిలకొట్టండి. రంగు తెల్లబడి, మీగడలా నురగగా రావాలి. కేకు పొంగేది ఎక్కువగా ఈ గాలితోనే, బేకింగ్ పౌడరు తోడు మాత్రమే. గుడ్లు ఒక్కొక్కటే వేసి, పూర్తిగా కలిశాకే తర్వాతిది వేయండి. విరిగిన పాలలా కనిపిస్తే గుడ్లు చల్లగా ఉన్నాయని అర్థం. కంగారు పడకుండా ఒక చెంచా మైదా వేసి కలపండి, సర్దుకుంటుంది. తర్వాత మైదా మూడో వంతు, పాకం సగం, మైదా, పాకం, మైదా, ఈ వరసలో గరిటెతో కిందినుంచి పైకి తిప్పుతూ కలపండి. ఇక్కడ బీటరు వాడితే మైదా జిగటెక్కి కేకు రబ్బరులా సాగుతుంది. చివరికి పళ్ళు. పిండి గరిటె నుంచి జారిపడకుండా ముద్దగా, బరువుగా దిగాలి. ధారగా కారితే పళ్ళు అడుగుకు చేరతాయి, ఇంకో రెండు చెంచాల మైదా కలుపుకోండి.

టిన్నులో అడుగునా చుట్టూ రెండు పొరల బటర్ పేపరు వేయాలి. ఇంతసేపు ఓవెన్లో ఉండే కేకుకు ఒక పొర చాలదు, అంచు మాడుతుంది. పిండి వేశాక నడుమ గరిటెతో కాస్త గుంట చేయండి. నడుమ ఎక్కువ పొంగుతుంది కాబట్టి చివరికి పైభాగం సమంగా వస్తుంది.

ఓటీజీని (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్‌ను) 150 డిగ్రీల సెల్సియస్‌కు 15 నిమిషాలు ముందే వేడిచేయండి. రెండు రాడ్లూ వెలగాలి, టిన్ను కింది అరలో ఉండాలి. 90 నుంచి 100 నిమిషాలు పడుతుంది. 60 నిమిషాల దాకా తలుపు తీయొద్దు. ఆ తర్వాత పైభాగం ముదురు రంగుకొస్తే అల్యూమినియం ఫాయిలు వదులుగా కప్పండి. 80 నిమిషాలకు నడుమ సన్నటి పుల్ల గుచ్చి చూడండి. తడి పిండి అంటకూడదు. పండు జిగురు అంటితే పరవాలేదు, పక్కన ఇంకోచోట గుచ్చండి.

ఓటీజీ లేకపోతే 5 లీటర్ల ప్రెషర్ కుక్కరు చాలు, కానీ కొలతలన్నీ సగం చేసి 6 అంగుళాల టిన్ను వాడాలి. టిన్ను చుట్టూ అంగుళం ఖాళీ లేకపోతే వేడి తిరగదు. కుక్కరు అడుగున రెండు కప్పుల కల్లుప్పు పరిచి, మీద చిన్న స్టాండు పెట్టి, రబ్బరు, విజిలు తీసేసి, మధ్య సెగ మీద 10 నిమిషాలు వేడిచేయండి. టిన్ను పెట్టాక సెగ పూర్తిగా తగ్గించండి. 55 నుంచి 70 నిమిషాలు. నీళ్ళు పోయకుండా వేడిచేస్తే కుక్కరు అడుగు మచ్చలు పడుతుంది, కాబట్టి పాతది వాడండి.

ఏది తప్పితే ఏమవుతుందో తెలిస్తే వచ్చేసారి కేకు బాగుపడుతుంది. నడుమ కుంగితే తలుపు ముందే తీశారు, లేదా బేకింగ్ పౌడరు ఎక్కువైంది. పైన పగిలి లోపల పచ్చిగా ఉంటే ఓవెన్ వేడి ఎక్కువ. ఓటీజీ మీట చూపే అంకెకూ లోపలి వేడికీ 15, 20 డిగ్రీల తేడా ఉండటం మామూలే, లోపల పెట్టే చిన్న థర్మామీటరు కొనుక్కోండి. పొడిపొడిగా రాలితే ఎక్కువసేపు ఉంచారు, లేదా మైదా గిన్నెతో కొలిచారు. ఈ కేకుకు కాటా తప్పనిసరి.

కేకు ఓవెన్లో ఉన్న గంటన్నర: కాగితం అతికించడం

ఈపాటికి చట్రం ఆరి ఉంటుంది. ముందు వెనకవైపు ముక్కలు. బద్దకు జిగురు రాసి, కాగితం పరిచి, మిగిలిన అర అంగుళాన్ని బద్ద చుట్టూ మడవండి. కాగితాన్ని లాగి బిగించకూడదు. జిగురు తడికి కాగితం సాగి ముడతలు పడినట్టు కనిపిస్తుంది, ఆరాక అదే బిగుస్తుంది. ఇప్పుడే లాగి పెడితే ఆరేటప్పుడు మొన దగ్గర టప్పున చీలుతుంది. అదే కారణంతో ఎండలోనూ, ఫ్యాను కిందా పెట్టొద్దు.

వెనక కింది మొనల్లో ఒక ముక్కను ఒక్క పక్కే అతికించి తలుపులా వదిలేయండి. బల్బు మార్చాలంటే చెయ్యి దూర్చడానికి అదే దారి.

పక్కలు మూసేలోపే దీపం అమర్చాలి. ఒక మొన నిటారుగా పైకి ఉండేలా స్టారును పట్టుకుంటే పైన ఉన్న రెండు అడ్డపుల్లలు ఒకే ఎత్తులో ఉంటాయి. వాటి మీదుగా ఒక బద్ద కట్టి, దాని నడుమ నుంచి హోల్డరు వేలాడదీయండి. హోల్డరు లోపల వైరుకు ముడి వేస్తే బరువు స్క్రూల మీద పడదు. బల్బు 5 వాట్ల ఎల్‌ఈడీ మాత్రమే. పాత 60 వాట్ల బల్బు వేడికి కాగితం గోధుమరంగుకు తిరిగి, అంటుకునే ప్రమాదం కూడా ఉంది. ఎల్‌ఈడీ అయినా కాగితానికి తగలకుండా చుట్టూ ఖాళీ ఉండాలి. వీధి వైపు వచ్చే వైరుకు మధ్యలో అతుకు లేకుండా ఒకే పొడవు తీసుకోండి. ఈ పని తెలిసిన పెద్దవాళ్ళే చేయాలి.

తర్వాత పక్కలు, చివర్న ముందువైపు. రాత్రంతా గదిలో ఆరనివ్వండి.

కేకును టిన్నులోనే 20 నిమిషాలు ఉంచి, జాలీ మీదికి తీయండి. దాచిన కమలారసాన్ని రెండు టేబుల్‌స్పూన్లు వేడి కేకు మీద పూయండి. పూర్తిగా చల్లారడానికి 4 గంటలు పడుతుంది. ఆ రాత్రి కోయాలని పిల్లలు పట్టుబడతారు, కోయొద్దు. వేడి కేకు ముద్దవుతుంది, మసాలా ఘాటు విడివిడిగా తగులుతుంది. బటర్ పేపరు, దానిపైన ఫాయిలు చుట్టి డబ్బాలో పెడితే మర్నాటికి వాసన, రుచి రెండూ కలిసిపోతాయి. ఈ కేకు బయట 4, 5 రోజులు, ఫ్రిజ్‌లో రెండు వారాలు ఉంటుంది. రసంతో చేసింది కాబట్టి కోస్తా తేమలో అంతకు మించి బయట ఉంచితే బూజు పడుతుంది. అందుకే దీన్ని కారల్స్ వాళ్ళకు వాడేసి, పండుగ నాటి కేకును డిసెంబరు 20 ప్రాంతంలో మళ్ళీ చేసుకోవడం మంచిది.

పట్టుబట్టే పిల్లలకు నక్షత్రాల బిస్కెట్లు ఉన్నాయి. చక్కెర పొడి 100 గ్రాములు, వెన్న 200, మైదా 300, చిటికెడు ఉప్పు. కలిపి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, 5 మిల్లీమీటర్ల మందాన ఒత్తి, అచ్చుతో కోసి, కేకు తీశాక ఓవెన్‌ను 170 డిగ్రీలకు పెంచి 12 నుంచి 14 నిమిషాలు. అంచులు బంగారు రంగుకు రాగానే తీసేయాలి. మెత్తగానే ఉంటాయి, చల్లారాక కరకరలాడతాయి.

ఆదివారం మధ్యాహ్నం: గులాబీ పువ్వులు

ఆరాధన నుంచి వచ్చి, భోజనం చేసి మొదలుపెట్టండి. అచ్చుతో నూనెలో వేయించే ఈ పిండివంటను కొన్ని ఊళ్ళలో గులాబీ గుత్తులు అంటారు. ఇందులో రుచి కంటే అచ్చుతో వచ్చే చిక్కులే ఎక్కువ.

బియ్యప్పిండి 150 గ్రాములు, మైదా 125, చక్కెర పొడి 100, గుడ్డు 1, ఉప్పు చిటికెడు, ఏలకుల పొడి, చెంచాడు నల్ల నువ్వులు. కొబ్బరిపాలు 250 నుంచి 300 మిల్లీలీటర్లు కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. పిండి దోసెపిండి కంటే పల్చగా ఉండాలి, గరిటె వెనక సన్నటి పొరలా పట్టాలి. అరగంట నానాక నాలుగైదు పువ్వులకోసారి కలుపుతూ ఉండండి, లేకపోతే బియ్యప్పిండి అడుగున పేరుకుంటుంది.

కొత్త అచ్చును ముందురోజే కడిగి, తుడిచి, వేడి నూనెలో పావుగంట ఉంచి, ఆ నూనెలోనే రాత్రంతా చల్లారనివ్వాలి. ఇలా చేయని అచ్చు మొదటి పది పువ్వులను వదలదు. మూకుడులో రెండున్నర అంగుళాల లోతు నూనె, మధ్య సెగ. బొట్టు పిండి వేస్తే వెంటనే పైకి తేలాలి, కానీ రంగు మారకూడదు.

అచ్చును నూనెలో రెండు నిమిషాలు వేడిచేసి, నూనె విదిలించి, పిండిలో ముప్పావు వంతే ముంచండి. పై అంచు దాటి ముంచితే పిండి మూతలా కమ్ముకుని పువ్వు ఇక ఊడదు. ముంచగానే సుయ్యిమనాలి. చప్పుడు లేకుండా పిండి జారిపోతే అచ్చు చల్లగా ఉంది. పిండి అక్కడికక్కడే ఉడికి గిన్నెలోనే ఊడిపోతే అచ్చు మరీ వేడిగా ఉంది, కొన్ని క్షణాలు గాలిలో ఆపి ముంచండి. నూనెలో పెట్టాక 20, 30 సెకన్లకు అచ్చును మెల్లగా ఆడిస్తే పువ్వు విడుస్తుంది. విడవకపోతే పుల్లతో అంచును తట్టండి. తిరగేసి, బుడగలు తగ్గి లేత బంగారు రంగు రాగానే తీయండి. అచ్చును మళ్ళీ నూనెలోనే ఉంచాలి, గట్టు మీద పెట్టొద్దు.

పువ్వులన్నీ వరసగా అచ్చుకే అంటుకుంటుంటే చక్కెర ఎక్కువైనట్టు, రెండు చెంచాల బియ్యప్పిండి కలపండి. మెత్తగా వంగుతుంటే నూనె చల్లబడింది. వేడి తగ్గకముందే డబ్బాలో పెడితే ఆవిరికి అన్నీ మెత్తబడతాయి. బాగా చల్లారాక గాలి చొరని డబ్బాలో పది రోజులు ఉంటాయి. వేయించడం పెద్దవాళ్ళ పని. పళ్ళేల్లో సర్దడం, పది చొప్పున పొట్లాలు కట్టడం పిల్లలది.

ఆదివారం సాయంత్రం: స్టారు వేలాడదీయడం, పాక పని

స్టారు సన్‌షేడ్ కిందో, వరండా చూరు కిందో ఉండాలి. ఆరుబయట కడితే కృష్ణా, గోదావరి డెల్టా ఊళ్ళలో రాత్రి కురిసే మంచుకు మైదా జిగురు రెండు మూడు రోజుల్లోనే విడుస్తుంది. పై మొన నుంచి రెండు పేటల పురికొసతో వేలాడదీసి, కింది రెండు మొనలనూ సన్నటి దారంతో పక్కకు కట్టండి. లేకపోతే గాలికి తిరిగి వైరు మెలిపడుతుంది. పడుకునే ముందు స్విచ్ కట్టేయండి. డిసెంబరులో తుపాన్లు మనకు కొత్త కాదు, 2023లో మిచాంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. హెచ్చరిక వినగానే స్టారు దించి లోపల పెట్టేయాలి. అందుకే పై ముడి జారుముడి వేసుకోండి.

యేసు పుట్టిన పశువుల పాకను బొమ్మగా చేసుకోవడానికి ఈ రోజు చట్రం చాలు. పాదరక్షల అట్టపెట్టె ఒకటి పక్కకు తిప్పి, పైన వాలు కప్పుగా అట్ట అతికించి, వరిగడ్డిని 4 అంగుళాల ముక్కలుగా కోసి కింది వరస నుంచి పైకి అతికించండి, ఇంటి కప్పు నేసినట్టే. స్టారుకు మిగిలిన జిగురు దీనికి సరిపోతుంది. గడ్డి, దూది దగ్గర కొవ్వొత్తి వెలిగించొద్దు, సన్నటి ఎల్‌ఈడీ తీగ పెట్టండి. పాక ముందు పచ్చిక కోసం వెడల్పాటి పళ్ళెంలో అర అంగుళం తడి మట్టి పరిచి ఆవాలు చల్లాలి. కానీ ఈ రోజు చల్లితే పండుగ నాటికి పెరిగి వాలిపోతాయి. డిసెంబరు 14, 15 తేదీల్లో చల్లి, రోజుకు రెండుసార్లు నీళ్ళు చిలకరిస్తే 24వ తేదీ సాయంత్రానికి రెండు అంగుళాల పచ్చటి పచ్చిక నిలబడుతుంది.